నాలుగో గడిలో సంతకం

పిల్లల ఇల్లు, మూడో అంతస్తు
మంగళవారం, ఉదయం పది గంటలు

గౌరవనీయులైన వియ్యపురాలి గారికి,

నమస్కారం. నేను ఆదివారం సాయంత్రం ఇక్కడికి చేరాను. మీరు శనివారమే బయలుదేరి వెళ్ళారు కనుక మనం ఎదురుపడే ఇబ్బంది తప్పింది. నోటిమాటల్లో మనిద్దరికీ పొసగదని పెళ్ళినాడే రుజువైంది. పైగా ఈ రెండు గదుల ఇంట్లో గోడలకు నిజంగానే చెవులున్నాయి. అందుచేత కాగితాన్ని ఆశ్రయిస్తున్నాను. కాగితం మీద మాట తొందరపడదు.

కోడలు తిరిగి ఉద్యోగంలో చేరిన నాటి నుంచి మూడు వారాలు మీరు, మూడు వారాలు నేను అని కదా మన ఒప్పందం. బాధ్యత అప్పగించి వెళ్ళేవారు ఉన్న పరిస్థితిని రాసిపెట్టి వెళ్ళడం ఏ కార్యాలయంలోనైనా ఆనవాయితీ. మీరు రాసిపెట్టలేదు. కనుక నాకు కనిపించినది నేనే రాస్తున్నాను.

తలుపు తీయగానే విరిగిన పాల కంపు ముఖాన కొట్టింది. సోఫా చేతి మీద ఎండిన కక్కు, దాని మీద ఒక గుడ్డ. అంటే ఎవరో చూశారు, చూసి కప్పారు, తుడవలేదు. వంటగట్టు మీద పాలసీసా అడుగున పచ్చని జిగురు. అన్నిటికన్నా అసహ్యం కలిగించినది బట్టలుతికే యంత్రం. నాలుగున్నర నెలల శిశువు ఉయ్యాలను నడవాలో దాని పక్కనే పెట్టారు. యంత్రంలో ఒకే ఒక తువ్వాలు తిరుగుతోంది. ఏమిటిదని కోడలిని అడిగాను.

"అమ్మ అలవాటు చేసింది అత్తయ్యా. ఆ చప్పుడుంటేనే పాప పడుకుంటుంది."

ఆ తువ్వాలును బయటికి తీశాను. మూడు వారాలుగా తిరిగి, నాని, మళ్ళీ తిరిగిన తువ్వాలు. దాని వాసనకు తగిన మాట నా దగ్గర ఉన్నది గానీ కాగితం మీద పెట్టను.

ఆ రాత్రి శిశువు తొమ్మిదిసార్లు లేచింది. నేను సాయంత్రమే గీతల రిజిస్టరు ఒకటి తెప్పించి నాలుగు గడులు గీసి ఉంచాను. లేచిన సమయం, కారణం, తీసుకున్న చర్య, చర్య తీసుకున్నవారి సంతకం. రెండు రాత్రుల నమోదు చూడగానే విషయం తేటతెల్లమైంది. ఒక మేల్కొలుపుకూ మరొకదానికీ మధ్య దాదాపు యాభై నిమిషాలు. ఆ యంత్రం ఒక విడత తిరగడానికి పట్టే కాలం కూడా యాభై నిమిషాలే. చప్పుడు ఆగుతుంది, శిశువు లేస్తుంది, కోడలు లేచి మీట నొక్కుతుంది. వియ్యపురాలి గారూ, మీరు శిశువుకు నిద్ర నేర్పలేదు. యంత్రంతో పాటు ఆగడం నేర్పారు.

ఇక నుంచి యంత్రం బట్టలకు మాత్రమే.

మా అబ్బాయి గురించి ఒక మాట. లోపలి గది తలుపు వేసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటున్నాడని మీరు ఎవరితోనో అన్నట్లు విన్నాను. వాడు తెల్లవారి ఐదున్నరకల్లా బస్సు డిపోలో ఉండాలి. చక్రం పట్టినవాడు ఒక్క క్షణం కునికితే అరవైమంది ప్రాణాలు. అంత బాధ్యత మోస్తూ కూడా తన యూనిఫాం తానే ఉతుక్కుంటున్నాడు, ఇంకొకరి చేతికి ఇవ్వడం లేదు. ఆ క్రమశిక్షణ నేను నేర్పినదే అని చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

ఇట్లు,
రికార్డుల సహాయకురాలు, మీ అల్లుడి తల్లి


ఆసుపత్రి ఉతుకుల గది
శనివారం, టీ వేళ

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. ముక్కు మూసుకుని రాసినట్టున్నారు, అక్షరాలు కూడా బిగుసుకుపోయి ఉన్నాయి.

నేను ముప్ఫై ఏళ్ళుగా రోగుల దుప్పట్లు ఉతుకుతున్నాను. రక్తం, చీము, ఇంకా మీరు కాగితం మీద పెట్టని మాటలన్నీ నా చేతుల మీదుగానే పోయాయి. పసిదాని కక్కు నాకు కంపే కాదు. నాకు రోత పుట్టించేవి వేరే ఉన్నాయి. చెప్తాను వినండి.

నిన్న మా పిల్ల ఫోన్ చేసింది. "అమ్మా, అత్తయ్య రాత్రి మూడింటికి టార్చి వేసి నా చేతిలో పెన్ను పెట్టి సంతకం చేయమంటోందే" అంది. నేను నవ్వుతానేమోనని చూసింది. నవ్వు రాలేదు వదినగారూ. పాలిచ్చి, భుజాన వేసుకుని తిప్పి, అప్పుడే కళ్ళు మూసిన పాపని ఉయ్యాలలో పడుకోబెడితే, మీరు టార్చి వెయ్యడమా? అది మళ్ళీ కళ్ళు తెరవదూ? మీ తొమ్మిదిలో రెండు మేల్కొలుపులు మీ టార్చివే. అవి ఎవరి పేరున రాశారు?

యంత్రం సంగతి. ఉన్నదున్నట్టు చెప్తాను. నేను వెళ్ళిన నాలుగో రాత్రి మన గుడ్లగూబ పదకొండుసార్లు లేచింది. ఆ పేరు నేనే పెట్టాను, మీకు నచ్చదని తెలుసు, అయినా అది గుడ్లగూబే. నా కుడి భుజం పడిపోయింది. ఇటు తిరిగి చూస్తే మా పిల్ల గోడకి ఆనుకుని నిలబడే నిద్రపోతోంది, గుర్రంలాగా. నాకింకేం తోచలేదు. మా ఉతుకుల గదిలో ఆడవాళ్ళ పిల్లలందరూ యంత్రాల పక్కన బుట్టల్లో పడుకునే పెద్దవాళ్ళయ్యారు. మా పిల్లా అంతే. ఒక తువ్వాలు తడిపి వేసి మీట నొక్కాను. గుడ్లగూబ అయిదు నిమిషాల్లో పడుకుంది. మేమిద్దరం ఆ నడవాలోనే నేల మీద పడి యాభై నిమిషాలు నిద్రపోయాం. యాభై నిమిషాలంటే ఏమిటో దొరకనివాళ్ళకే తెలుస్తుంది.

తువ్వాలు మార్చాల్సింది. అది నా తప్పే.

అల్లుడుగారి నిద్ర గురించి నేను ఎవరితోనూ అనలేదు, పక్కింటామె అడిగితే అవునన్నాను. ఆ విషయంలో నోరెత్తను. అరవైమంది ప్రాణాలంటే మాటలా? నేనూ బస్సెక్కేదాన్నే.

కానీ మా పిల్లని కూడా కాస్త చూడండి. ఆసుపత్రి మందుల కిటికీలో కూర్చుని మాత్రలు లెక్కపెట్టి ఇచ్చే పని దానిది. కళ్ళు తెరిచి చేయాల్సిన పని.

ఉంటాను,
కంపు అలవాటైన మీ వదిన


పిల్లల ఇల్లు
సోమవారం, మధ్యాహ్నం

వియ్యపురాలి గారికి,

మీ లేఖలోని హాస్యాన్ని పక్కన పెట్టి, విషయానికి మాత్రమే జవాబిస్తున్నాను.

యంత్రం ఆపిన మొదటి మూడు రాత్రులు శిశువు ఏడ్చిన ఏడుపు పై అంతస్తు వరకు వినబడింది. పైవారు కర్రతో నేల మీద కొట్టారు కూడా. నాలుగో రాత్రి నుంచి తగ్గింది. ఈ పదిహేనో రాత్రికి సగటున అయిదారుసార్లే లేస్తోంది. ఉయ్యాలను నడవాలోంచి ముందు గదిలోకి మార్చాను. టార్చి విషయంలో మీ ఆక్షేపణ సబబే. దానికి ఎర్ర కాగితం చుట్టాను.

సంతకం మాత్రం మానను. మా రికార్డు గదిలో నేను మొట్టమొదట నేర్చుకున్నది అదే. సంతకం లేనిదేదీ జరగనట్టే లెక్క. నేను ఆ గదిలో చీపురుతో ప్రవేశించిన దానిని. రాత్రిబడిలో చదివి అదే గదిలో కుర్చీ సంపాదించాను. ఈ రోజున ఏ దస్తావేజు మీది సంతకం అసలుదో, ఏది చెయ్యి వణుకుతూ పెట్టిన దొంగ సంతకమో చెప్పాలంటే అధికారులు నన్నే పిలుస్తారు. ఇల్లు కూడా ఒక కార్యాలయమే. ఎవరు ఏమి చేశారో తెలియకపోతే అందరూ అన్నీ చేశామనే అంటారు.

ఇప్పుడు మీ అమ్మాయి గురించి. గురువారం సాయంత్రం పాలసీసాల రబ్బరు పీకలు నీళ్ళలో మరగబెట్టి, పొయ్యి పక్కనే నేల మీద కూర్చుని నిద్రపోయింది. నేను శిశువుకు స్నానం చేయిస్తున్నాను. నీళ్ళు ఇగిరి, గిన్నె మాడి, పీకలు కరిగి నల్లని బంకగా అంటుకున్నాయి. ఇల్లంతా పొగ. రబ్బరు కాలిన కంపు రెండు రోజులైనా కర్టెన్లను వదలలేదు. నేను శిశువును తుండులో చుట్టుకుని పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పాను. కోడలు ఉలిక్కిపడి లేచింది.

"ఇంత నిర్లక్ష్యమా? ఇల్లు తగలబడితే?" అన్నాను.

ఆమె మాడిన గిన్నె వైపు చూసి, "దీనికీ సంతకం పెట్టమంటారా అత్తయ్యా?" అన్నది.

అది వినయమో వెటకారమో నాకు బోధపడలేదు. తల్లి గారాబం ఎక్కువైనచోట ఈ రెంటికీ తేడా తెలియకుండా పోతుందని మాత్రం అనుకున్నాను.

మా అబ్బాయి అప్పటికే భోంచేసి లోపలి గదిలో పడుకుని ఉన్నాడు. అంత పొగలోనూ లేవలేదు. వాడి నిద్ర అటువంటిది, చిన్నప్పటి నుంచీ అంతే.

ఈ శనివారంతో నా వంతు ముగుస్తుంది. మీకు ఉపయోగపడుతుందని రిజిస్టరును ఉయ్యాల కింది అరలో ఉంచి వెళ్తున్నాను. దయచేసి కొనసాగించండి.

ఇట్లు,
మీ అల్లుడి తల్లి


పిల్లల ఇల్లు, వంటగది నేల మీద కూర్చుని
బుధవారం

వదినగారూ,

మీ రిజిస్టరు దొరికింది. కొనసాగించమన్నారు కదా అని తీశాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. నాకు మీ అంత చదువు లేదు, వేలు పెట్టి చదివాను.

మొదటి రాత్రి మా పిల్ల సంతకం చూడండి. పూర్తి పేరు, చివర తోక, తోక కింద రెండు చుక్కలు. బడిలో ఉన్నప్పటి నుంచి అలాగే పెడుతుంది, ఆ చుక్కలకి పంతులు చేత దెబ్బలు కూడా తింది. అయిదో రాత్రికి చుక్కలు లేవు. పదో రాత్రికి తోక లేదు, పేరు సగమే. పద్ధెనిమిదో రాత్రి, నాలుగుంబావు. అక్కడ ఏముందో మీకు గుర్తుందా? ఒక గీత. గడి దాటి, కాగితం అంచుదాకా జారి ఆగింది. పెన్ను పట్టుకునే నిద్రపోయింది నా తల్లి. దాని పక్కన కారణం గడిలో మీరు గుండ్రంగా "ఆకలి" అని రాశారు.

వణికిన చేతిని చూసి దొంగ సంతకం పట్టుకునే మనిషి మీరు. మీ ఇంట్లో వణికిన చెయ్యి మీకు కనబడలేదా?

లెక్క కూడా కట్టాను. మొత్తం నూట ఇరవై ఏడు సంతకాలు. మా పిల్లవి తొంభై ఎనిమిది. మీవి ఇరవై తొమ్మిది, మీరు లేవలేదని నేను అనను. అల్లుడుగారివి ఒక్కటీ లేదు. సంతకం లేనిది జరగనట్టేనని మీరే రాశారు. అంటే ఆయన తండ్రి కావడం కూడా జరగలేదా?

మీ దగ్గర దాచిన మాట ఒకటుంది, ఇప్పుడు చెప్తాను. మీరు ఇక్కడున్న మూడో వారంలో మా పిల్ల మందుల కిటికీలో ఒక పసిదానికి ఇవ్వాల్సిన మాత్రలకి బదులు పెద్దవాళ్ళ మోతాదువి ఇచ్చేసింది. డబ్బా రంగు ఒకటే. తీసుకున్న తాత మంచివాడు, "ఏమ్మా, పోయినసారి ఇంత లావుగా లేవే ఇవి" అని కిటికీ దగ్గరే నిలబడి అడిగాడు కాబట్టి బతికిపోయాం. ఆ బిడ్డ బతికిపోయింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే కిటికీలోంచి తీసేస్తామని దానికి కాగితం ఇచ్చారు. దాని మీద మా పిల్ల సంతకం ఎలా ఉందో నాకు తెలీదు. నాకు ఫోన్లో చెప్పి ఏడ్చింది. "ఉద్యోగం పోతుందని కాదమ్మా, ఆ బిడ్డకేమైనా అయ్యుంటే నేనెట్లా బతకను" అంది. మీకు చెప్పొద్దంది. ఎందుకంటే మీరు రాసిపెడతారని.

ఇక అసలు సంగతి.

పోయిన వంతులో అల్లుడుగారు తన బట్టలు తనే ఉతుక్కుంటానంటే మర్యాద అనుకున్నాను. ఈసారి నాకు చిరాకొచ్చి, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు బకెట్లోంచి యూనిఫాం లాక్కున్నాను. ఉతికేవాళ్ళకి చొక్కా చూస్తే మనిషి పని తెలిసిపోతుంది. బస్సు నడిపే మనిషి చొక్కా నేను ఉతకనిది కాదు, నా తమ్ముడు పదేళ్ళు నడిపాడు. వీపంతా సీటుకి రాసుకుని చెమటతో అట్ట కట్టి ఉంటుంది. మెడపట్టీ మీద నల్ల జిడ్డు. డీజిల్ కంపు మూడు నీళ్ళకి కూడా పోదు. ఈ చొక్కా వీపు కొత్తదానిలా ఉంది. డీజిల్ వాసనే లేదు. కుడి చేతి అంచుకి మాత్రం ఊదా రంగు సిరా. ముద్రలు కొట్టే సిరా. అది నాకు బాగా తెలుసు, మా దుప్పట్ల మీద ఆసుపత్రి ముద్ర కొట్టేది దానితోనే.

నిన్న పాపని చంకన వేసుకుని డిపో దాకా నడిచాను. అల్లుడుగారు కిటికీ వెనక కుర్చీలో కూర్చుని ట్రిప్పు షీట్ల మీద ముద్రలు వేస్తున్నారు. పక్కన ఫ్యాను తిరుగుతోంది. గేటు మనిషిని అడిగితే, "ఆయనా? బండి దించేసి నాలుగు నెలలవుతోందమ్మా" అన్నాడు. నేను కనబడకుండా వచ్చేశాను. మా పిల్లకి చెప్పలేదు, దానికి ఇది తెలీదు. ఇంకా రాత్రి పది దాటితే "చప్పుడు చెయ్యకమ్మా, ఆయన బండి నడపాలి" అని నాకు సైగ చేస్తోంది.

నాకు చీదర పుట్టింది వదినగారూ. ముప్ఫై ఏళ్ళలో ఏ దుప్పటి చూసినా పుట్టనంత.

మీకు ఇది తెలుసా, తెలియదా? తెలియకపోతే చెప్పాను. తెలిసే ఊరుకున్నారంటే మాత్రం, ఆ తువ్వాలు వాసన గురించి ఇంకెప్పుడూ నాకు రాయకండి.

మీ వదిన


రికార్డు గది, అందరూ వెళ్ళాక
సోమవారం

వదినగారికి,

తెలుసు.

మీ లేఖ అందిన నాటి నుంచి నాలుగు చిత్తుప్రతులు రాశాను. నాలుగింటిలోనూ ఆ మాట రెండో పేజీ చివర వచ్చింది. అన్నీ చించివేసి దానిని ముందు పెడుతున్నాను.

శిశువు పుట్టిన మరుసటి నెల డిపోలో కంటి పరీక్షలు జరిగాయి. మసక వెలుతురులో మా అబ్బాయి కన్ను నిలవడం లేదని తేలింది. బండి దించి బల్ల దగ్గర వేశారు. జీతంలో మార్పు లేదు. ఆ సాయంత్రం వాడు తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, అత్తయ్యగారికి తెలిస్తే నవ్వుతారే. మా ఆవిడకి కూడా ఇప్పుడే చెప్పను. కొన్నాళ్ళు పోనీ" అన్నాడు.

నేను తప్పని చెప్పలేదు. మంచిదన్నాను. ఎందుకన్నానో మీకు గుర్తుండే ఉంటుంది. పెళ్ళినాడు మీ బంధువులందరి ఎదుట, "మా వాడి చేతిలో రోజూ అరవైమంది ప్రాణాలు" అని నేనే గొప్పగా అన్నాను. "మా చేతిలో రోజూ మూడొందల దుప్పట్లు" అని మీరు అందుకున్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అరగలేదు. వాడు బల్ల దగ్గర కూర్చున్నాడని మీకు తెలియడం కన్నా మీ అమ్మాయి నాలుగు రాత్రులు ఎక్కువ మేలుకోవడం నాకు తేలికగా కనిపించింది. నాలుగు రాత్రులు నాలుగు నెలలయ్యాయి. నా చేతులతో గడులు గీశాను. నాలుగో గడి నింపడానికి ఎవరు ఉన్నారో, ఎవరు లేరో తెలిసే గీశాను.

ఆ పద్ధెనిమిదో రాత్రి గీతను నేను చూశాను. అది సంతకం కాదని కూడా అనుకున్నాను. అనుకుని, ఉదయం ఆమె చేత పక్కన మళ్ళీ సంతకం పెట్టిద్దామని గుర్తు పెట్టుకున్నాను. దీనికి మించి నన్ను నేను ఏమీ అననక్కరలేదు.

మీకు తెలియనిది ఇంకొకటి ఉన్నది. ఇది ఎవరికీ తెలియదు.

నేను రాత్రిబడిలో చేరినప్పుడు వాడికి ఆరేళ్ళు. ఇంట్లో వదిలి వెళ్ళడానికి మనిషి లేదు. వెంట తీసుకువెళ్ళి వెనక బెంచీ మీద పడుకోబెట్టేదానిని. నలభైమంది పెద్దవాళ్ళు గొంతెత్తి ఎక్కాలు, వ్యాకరణం వల్లించే గది. వాడు లేచి ఏడిస్తే పంతులుగారు నన్ను బయటికి పొమ్మనేవారు. రెండుసార్లు పొమ్మన్నారు. మూడోరోజు వాడి చెవుల్లో దూది పెట్టాను. హాయిగా పడుకున్నాడు. తరవాత అయిదేళ్ళు అలాగే పడుకున్నాడు. వాడి నిద్ర గట్టిదని అందరితో చెప్పుకునేదానిని. ఆ చెవుల్లో మొదటి దూది పెట్టినది నేనే వదినగారూ. నా చదువు వాడి నిద్ర మీద నిలబడింది కనుక ఆ నిద్రను నేను ఏనాడూ కదపలేదు. బడికి ఆలస్యమైనా వాడంతట వాడు లేచేదాకా చూసేదానిని. వాడికి ఇరవై ఆరేళ్ళు వచ్చాయి. ఈ రోజు వరకు వాడిని నేను నిద్రలేపిన రోజు లేదు.

తువ్వాలు వాసన గురించి రాయవద్దన్నారు. రాయను. ఇప్పుడు వాసన నా దగ్గర నుంచే వస్తోంది.

ఇట్లు,
అబ్బాయి తల్లి


రిజిస్టరులో మడిచి పెట్టినది
శనివారం, బయలుదేరే ముందు

వదినా,

ఈసారి అప్పగింత రాసిపెట్టే వెళ్తున్నాను, ఆనవాయితీ తప్పానని అనిపించుకోను.

మీ ఉత్తరం చదివి మొదట పళ్ళు కొరుక్కున్నాను. తరవాత ఆ బెంచీ కనబడింది. నాకు కోపం తగ్గింది అనుకోకండి, కాస్త పక్కకి జరిగింది.

నేనూ పెద్ద నీతిమంతురాలిని కాదు. మీరు అంత కష్టపడి మాన్పించిన యంత్రాన్ని నేను వచ్చిన రెండో రాత్రే మళ్ళీ తిప్పాను. మీ అయిదారు మేల్కొలుపులు మళ్ళీ ఎనిమిదయ్యాయి. తువ్వాలు మాత్రం రోజూ మార్చాను. చూస్తే మన పని ఇదీ. మీరు టార్చి పట్టుకుని, నేను తువ్వాలు పట్టుకుని, ఇద్దరం తొమ్మిది వారాలు ఆ లోపలి గది తలుపు కాశాం. పాప నిద్ర కాయలేదు, మా పిల్ల నిద్ర కాయలేదు.

గుడ్లగూబకి కింద పన్ను వస్తోంది, చిగురు ఉబ్బింది. చొంగ ఎక్కువ, మెడ మడతల్లో తుడవండి, లేకపోతే పుల్లటి కంపు. మా పిల్ల నిన్న అన్నం ముందు కూర్చుని ముద్ద చేతిలో పట్టుకునే కునికింది. సోమవారం నుంచి కిటికీలో రోజంతా ఒక్కతే ఉండాలట, పక్కమ్మాయి సెలవు. ఇంకొక్క తప్పు చాలు.

చొక్కా సంగతి నేను చెప్పను. నేను చెప్తే అత్తగారు అల్లుడి పరువు తీసినట్టవుతుంది, పిల్ల కాపురంలో నా వేలు పడుతుంది. మీరు చెప్పండి, లేకపోతే ఆయన చేత చెప్పించండి. చెప్పకపోతే మాత్రం వచ్చే వంతుకి నేను మా పిల్లనీ పాపనీ నా ఉతుకుల గదికి తీసుకుపోతాను. అక్కడ యంత్రాలు రాత్రంతా ఆగవు.

మీ వదిన


పిల్లల ఇల్లు
సోమవారం, ఉదయం

వదినా,

నిన్న సాయంత్రం చేరాను. జరిగినది జరిగినట్లు రాస్తాను.

రాత్రి పదింటికి మా అబ్బాయి లోపలి గదిలోకి వెళ్ళాడు. తలుపు వేసుకున్నాడు. కోడలు నా వైపు చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. చప్పుడు చేయవద్దని. ఆ వేలు చూశాక నాకు ఇంక కాలు నిలవలేదు. అయినా పదీ నలభైకి శిశువు మొదటిసారి లేచేదాకా ఆగాను. కోడలు లేవబోయింది.

"నువ్వు కూర్చో" అన్నాను.

శిశువును ఎత్తుకుని, ఏడుస్తుండగానే లోపలి గది తలుపు తోసి దీపం వేశాను. వాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు, నోరు కాస్త తెరుచుకుని, అచ్చం ఆ బెంచీ మీద పడుకున్నట్టే. ఆ ముఖాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డానని ఒప్పుకుంటున్నాను. శిశువు నా చెవి పక్కనే కేకలు పెడుతోంది. వాడికి మాత్రం ఏమీ లేదు. అప్పుడు వంగి, వాడి ఎడమ చెవిలోంచి దూది లాగాను. తరవాత కుడి చెవిలోది.

లేచాడు. లేచి నన్ను చూసి భయపడ్డాడు. నేను వాడిని లేపడం వాడికీ కొత్తే.

"ఏమైందమ్మా? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు. నీ కూతురు లేచింది" అని శిశువును వాడి ఒళ్ళో పెట్టాను.

వాడు శిశువును చేతుల్లో కాగితాల కట్టలా పట్టుకుని, అలవాటైన మాటే అన్నాడు. "అమ్మా, పొద్దున్నే డ్యూటీ ఉందే. అరవైమంది..."

"ఆ అరవైమందీ నాలుగు నెలల కిందటే దిగిపోయారురా" అన్నాను.

మెల్లగా అందామనే అనుకున్నాను. మెల్లగా రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే కోడలు గుమ్మంలో ఉన్నది. వాడు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. చివరికి ఒళ్ళో ఉన్న దాని వైపు చూస్తూ, కంటి పరీక్ష నుంచి ముద్రల బల్ల వరకు అంతా వాడే చెప్పాడు. దాచమన్నది నేను కూడానని నేను చెప్పాను. శిశువు ఏడుపులో సగం మాటలు వినబడనే లేదు, రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

కోడలు అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె వేళ్ళతో ఏదో లెక్క వేసుకుంటూ నిలబడింది.

"నాలుగు నెలలా?" అన్నది.

అవునని వాడే ఒప్పుకున్నాడు.

"ముద్ర తప్పు పడితే ఏమవుతుందండీ?" అని వాడిని అడిగింది.

"ఏం కాదు. కొట్టేసి ఇంకోటి వేస్తాం."

ఆమె తల ఊపింది. మంచం దగ్గరికి వచ్చి, "లేవండి" అన్నది. వాడు శిశువుతో సహా లేచాడు. ఆమె ఆ మంచం మీద, వాడు పడుకున్న చోటే పడుకుని, గోడ వైపు తిరిగి, "తలుపు వేసి వెళ్ళండి" అన్నది. మేము ముగ్గురం బయటికి వచ్చి తలుపు వేశాము.

తెల్లవారి ఆరు దాటాక లేచింది వదినా. ఏడున్నర గంటలు. మధ్యలో ఒకసారి నేను తలుపు సందులోంచి చూశాను, ఊపిరి ఆడుతున్నదా అని. పసిబిడ్డను చూసినట్టే చూశాను.

ఆమె వాడిని క్షమించిందని నేను రాయలేను. పొద్దున మాట్లాడలేదు. వాడు డిపోకు ఆలస్యంగా వస్తానని కబురు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. పనికి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటూ, వాడి వైపు చూడకుండా, "ఈ రాత్రీ మీరే" అన్నది. నాతో మాత్రం, "వస్తాను అత్తయ్యా" అన్నది. రోజూ అనే మాటే. దాని విలువ ఎంతో నేను లెక్కకట్టబోవడం లేదు.

మీరు విని సంతోషించే మాట ఒకటి. మీ గుడ్లగూబ ఏమాత్రం మారలేదు. రాత్రంతా అయిదుసార్లు లేచింది. రెండోసారి వాడి చొక్కా మీద కక్కింది. వాడు ముఖం అష్టవంకరలు తిప్పి, "అబ్బ, ఏం కంపమ్మా" అన్నాడు. నేను లేవలేదు. తుడుచుకోమని ఒక తువ్వాలు విసిరాను. మూడోసారి యంత్రం తిప్పబోయాడు, మీట ఎక్కడుందో వాడికి తెలియలేదు. నాలుగోసారి భుజాన వేసుకుని ముందు గదిలో అటూ ఇటూ నడుస్తూ దానికి బస్సు ఆగే చోట్లన్నీ వరసగా చెప్పడం విన్నాను. చివరి స్టాపు రాకముందే అది పడుకుంది.

నిన్నటి పేజీని చింపి ఈ కవరులో పెట్టాను. రిజిస్టరులోంచి కాగితం చింపడం నా ఉద్యోగ జీవితంలో ఇదే ప్రథమం. అయిదు వరసలు, అయిదు సంతకాలు, అన్నీ వాడివే. మొదటిది నిటారుగా ఉంది. మూడోదానికి కొమ్ము విరిగింది. అయిదోది, తెల్లవారి అయిదు పదికి పెట్టినది, గీత మాత్రమే. గడి దాటి పోయింది. పదిహేనేళ్ళ అనుభవం మీద చెబుతున్నాను, అది అసలు సంతకమే.

దానితో పాటు చిన్న కాగితంలో చుట్టి రెండు దూది ఉండలు పంపుతున్నాను. పసుప్పచ్చగా, జిడ్డుగా, రోతగా ఉన్నాయి. ఉతకడానికి కాదు. ముట్టుకోకుండా చూసి, మీ పొయ్యిలో వేసేయండి. నా చేత్తో పారెయ్యబోయాను గానీ, వేళ్ళు విడవలేదు.

మీ
వదిన